మాస్కో ప్రింటింగ్ విశ్వవిద్యాలయంలో ఎవరెవరు చదివారు? మిషా ఎలుగుబంటి నుంచి పీటీ శాన్స్ దాకా

మీ ప్రశ్న చదివాను. మీ అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. పుస్తకాలకు బొమ్మలు వేయడం, పేజీలు దిద్దడం నేర్చుకుంటానంటోంది. అచ్చు పని నేర్పడానికే మాస్కోలో ఒక విశ్వవిద్యాలయం ఉందని ఎవరో మీకు చెప్పారు. అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా, ఉంటే వాళ్లలో మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా విజయవాడలో అచ్చు పనిలోనే ఉన్నాను. సీసపు అక్షరాలు కంపోజ్ చేసే చోట మొదలుపెట్టి ఆఫ్‌సెట్‌కు, తర్వాత కంప్యూటర్‌కు వచ్చాను. ఆ విద్యాసంస్థ గురించి, అక్కడినుంచి వచ్చినవాళ్ల గురించి చాలాకాలంగా చదువుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఉన్నారండి, చాలామంది ఉన్నారు. వాళ్ల పేర్లు మీరు విని ఉండకపోవచ్చు. వాళ్ల చేతి పని మాత్రం ఎక్కడో ఒకచోట మీ కంట పడే ఉంటుంది.

1980 మాస్కో ఒలింపిక్స్ గుర్తుందా? మన హాకీ జట్టు ఫైనల్లో స్పెయిన్‌ను 4-3 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చిన ఒలింపిక్స్ అది. పురుషుల హాకీలో మనకు వచ్చిన చివరి ఒలింపిక్ స్వర్ణం కూడా అదే. ఆ పోటీల గుర్తు మిషా అనే ఎలుగుబంటి పిల్ల. గుండ్రటి చెవులు, నవ్వు ముఖం, నడుముకు ఐదు రంగుల బెల్టు, ఆ బెల్టు బకిల్ మీద ఒలింపిక్ వలయాలు. ఆ బొమ్మ వేసిన విక్తోర్ చిజికొవ్ ఈ సంస్థలోనే చదివారు. 1935లో మాస్కోలో పుట్టారు, 1953 నుంచి 1958 దాకా ఇక్కడ విద్యార్థి. చదువుకుంటున్నప్పుడే 'క్రొకొదీల్' అనే హాస్య పత్రికకు కార్టూన్లు వేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పిల్లల పత్రికలు 'ముర్జీల్కా', 'వెస్యోలియె కర్తీన్కి'లకు దశాబ్దాల పాటు బొమ్మలు వేశారు. మిషా కోసం ఆయన గీసిన చిత్తు బొమ్మలు వంద దాకా ఉంటాయంటారు. 1977లో ఆ బొమ్మ ఖరారైంది. 1980 ఆగస్టు 3న, ముగింపు రోజున, స్టేడియంలో ప్రేక్షకులు పట్టుకున్న రంగు పలకల మీద మిషా కంటి నుంచి కన్నీరు జారింది. పెద్ద మిషా బొమ్మ బెలూన్లతో ఆకాశంలోకి ఎగిరిపోయింది. ఆ దృశ్యం చూసినవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

చిజికొవ్ గురించి నన్ను బాగా కదిలించిన విషయం ఒకటుంది. ఆయనకు వర్ణాంధత్వం ఉంది. కొన్ని రంగుల మధ్య తేడా ఆయన కంటికి తెలిసేది కాదు. రంగు డబ్బాల మీద ఆ రంగుల పేర్లు భార్య రాసి పెట్టేవారు, వాటిని చదువుకుని ఆయన రంగులు వేసేవారు. అలాంటి మనిషి గీసిన బొమ్మను ప్రపంచమంతా గుర్తుపట్టింది. ఎలా సాధ్యమైందో అచ్చు పని చేసేవాళ్లకు తెలుస్తుంది. మిషాను ఒకసారి జాగ్రత్తగా చూడండి. గీత మందంగా ఉంటుంది. రంగులు తక్కువ, అవి కూడా ఒకదానిలో ఒకటి కలవకుండా విడివిడిగా ఉంటాయి. తపాలా బిళ్ల మీద చిన్నగా వేసినా, గోడ మీద పెద్దగా వేసినా, గుడ్డ మీద, రేకు మీద, బ్యాడ్జీ మీద వేసినా ఆ ముఖం చెడదు. అచ్చు ఏ దారిలో పోతుందో తెలిసినవాళ్లే అలా గీయగలరు. ఆ సంస్థ తన విద్యార్థులకు నేర్పిన అసలు విద్య అదేనని నా నమ్మకం.

2014 సోచి ఒలింపిక్స్‌లో తెల్ల ఎలుగుబంటి బొమ్మ వచ్చినప్పుడు దాని కళ్లు, ముక్కు, నవ్వు తన మిషావేనని చిజికొవ్ బహిరంగంగానే బాధపడ్డారు. 2020 జులైలో, 84వ ఏట కన్నుమూశారు.

ఇక సంస్థ సంగతి. దాని పేరు చాలాసార్లు మారింది, అందుకే వెతికేవాళ్లు తికమక పడతారు. 1920లో మాస్కోలో వ్ఖుతెమాస్ అనే కళా సాంకేతిక విద్యాలయం పెట్టారు. తర్వాత దాని పేరు వ్ఖుతెయిన్ అయింది. 1930లో దాన్ని మూసేసి ముక్కలు చేసినప్పుడు అందులోని ముద్రణ విభాగం నుంచి మాస్కో పాలిగ్రాఫిక్ (అంటే ముద్రణ) ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 1990లలో దాన్ని అకాడమీ అన్నారు, ఆ తర్వాత మాస్కో ముద్రణ విశ్వవిద్యాలయం అన్నారు. చివర్లో ఇవాన్ ఫ్యోదొరొవ్ పేరు చేర్చారు. రష్యాలో తేదీ వేసి అచ్చయిన మొదటి పుస్తకాన్ని 1564లో మాస్కోలో తెచ్చిన ముద్రాపకుడాయన. ఇక్కడొక హెచ్చరిక. ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో కూడా ఒక పాలిగ్రాఫిక్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది, దానికీ ఒకప్పుడు ఇవాన్ ఫ్యోదొరొవ్ పేరే ఉండేది. ఆయన మాస్కో వదిలి వెళ్లాక 1574లో ల్వీవ్‌లో అక్షరమాల పుస్తకం అచ్చువేశారు కాబట్టి ఆ ఊరికీ ఆయన మీద హక్కు ఉంది. అంతర్జాలంలో కొన్ని జాబితాలు ఈ రెండు సంస్థల విద్యార్థులనూ కలిపేస్తుంటాయి. చూసుకోండి.

ఇంకో పొరపాటు కూడా తరచూ కనిపిస్తుంది. చిత్రకారులు ఇల్యా కబకోవ్, ఎరిక్ బులాతొవ్ పేర్లను ఈ సంస్థ ఖాతాలో వేస్తుంటారు. ఇద్దరూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతికినవాళ్లే, ఇద్దరూ ప్రపంచ ప్రసిద్ధులే. కానీ వాళ్లు చదివింది మాస్కోలోనే ఉన్న ఇంకో కళా విద్యాసంస్థ, సూరికొవ్ ఇన్‌స్టిట్యూట్‌లో. స్నేహాలు, ప్రచురణ సంస్థలు ఉమ్మడిగా ఉండడం వల్ల ఈ గందరగోళం వచ్చింది.

అక్కడ ఏం నేర్పేవారో అర్థం కావాలంటే వ్లదీమిర్ ఫవోర్‌స్కీ పేరు తెలుసుకోవాలి. ఆయన అక్కడి విద్యార్థి కాదు, గురువు. 1923 నుంచి 1926 దాకా వ్ఖుతెమాస్‌కు రెక్టర్‌గా, అంటే అధిపతిగా ఉన్నారు, పాలిగ్రాఫిక్ ఇన్‌స్టిట్యూట్ మొదలైన తొలి ఏళ్లలో అక్కడా పాఠాలు చెప్పారు. చెక్క మీద చెక్కి బొమ్మలు అచ్చువేయడంలో ఆయన మహా పనివాడు. చెక్క దిమ్మను సీసపు అక్షరం ఎత్తుకు సరిగ్గా కోసి, దాన్ని అక్షరాలతో పాటు ఒకే ఫారంలో (అచ్చు చట్రంలో) బిగించి, ఒకే సిరాతో, ఒకే దెబ్బలో అచ్చు తీస్తారు. అప్పుడు బొమ్మలోని నలుపు, అక్షరంలోని నలుపు ఒకటే అవుతాయి. బొమ్మలోని తెలుపు, పేజీ మార్జిన్‌లోని తెలుపు ఒకటే కాగితం. ఫవోర్‌స్కీ ఈ చేతిపని నుంచే ఒక సిద్ధాంతం తీశారు. పుస్తకం ఒక ఇల్లు లాంటిది, అట్ట దాని గుమ్మం, లోపలి పేజీలు గదులు, ఏ గదికి ఆ గది అందంగా ఉంటే చాలదు, మనిషి గుమ్మం నుంచి చివరి గదిదాకా నడిచి వెళ్లగలగాలి. ఇవి ఆయన మాటలు కావు, ఆయన ఆలోచనను నేను అర్థం చేసుకున్న తీరు.

ఆయన శిష్యుడు ఆంద్రేయ్ గొంచరోవ్ ఈ ఆలోచనను ఇన్‌స్టిట్యూట్‌లో కొన్ని దశాబ్దాల పాటు నిలబెట్టారు. గొంచరోవ్ దగ్గర చదివి బయటికి వచ్చినవాళ్లే ఆ తర్వాత సోవియట్ ప్రచురణ సంస్థల్లో చిత్రకారులుగా, కళా సంపాదకులుగా నిండిపోయారు. వాళ్లలో ద్మీత్రి బిస్తి 1952లో చదువు ముగించారు. ఆయన రూపకల్పన చేసిన ఒక వరుసను సోవియట్ కాలంలో చదువుకున్న ఏ ఇంట్లోనైనా చూడొచ్చు. 'ప్రపంచ సాహిత్య గ్రంథమాల' అని 200 సంపుటాలు, 1967 నుంచి 1977 దాకా వచ్చాయి. ఒక్కో సంపుటం సుమారు 3 లక్షల ప్రతులు. అందులో రెండో సంపుటం ఏమిటో తెలుసా? మన మహాభారతం, రామాయణం. రష్యన్‌లోకి తెచ్చిన భాగాలను కలిపి ఒకే పుస్తకంగా వేశారు. ఆ అలమరలో హోమర్ పక్కన వాల్మీకి, వ్యాసుడు నిలబడ్డారు.

రెండు వందల సంపుటాల వరుసకు రూపం ఇవ్వడం చిన్న పని కాదు. నేను ఒకసారి పన్నెండు పుస్తకాల వరుసకు పనిచేశాను, ఐదో పుస్తకానికే వెన్ను రంగు మారిపోయింది. కాగితం ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు మారింది, బైండింగ్ గుడ్డ దొరకలేదు. పదేళ్ల పాటు, లక్షల ప్రతుల్లో, వేర్వేరు కాలాల్లో అచ్చైనా అలమరలో నిలబెడితే ఒకే కుటుంబంలా కనిపించాలంటే, రూపం ఇచ్చినవాడికి గుడ్డ, జిగురు, రేకు అచ్చు అన్నీ తెలిసి ఉండాలి. బిస్తి స్వయంగా గొప్ప చెక్క చిత్రకారుడు. హోమర్, వర్జిల్ కావ్యాలకు ఆయన చేసిన బొమ్మలు కళాశాలల్లో పాఠాలుగా చూపించదగ్గవి. అయినా నాకు ఆ అలమరలోని వెన్నులే ఎక్కువ గౌరవం కలిగిస్తాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, మీ అమ్మాయికి అది పనికొస్తుంది. 1990ల మొదట్లో మా ప్రెస్సుకు ఒక పిల్లల పుస్తకం వచ్చింది. ప్రచురణకర్త పేరు, చిత్రకారుడి పేరు చెప్పను. బొమ్మలు నీటి రంగుల్లో ఎంత బాగున్నాయంటే, కవరు విప్పగానే పనివాళ్లందరూ చుట్టూ చేరారు. సాయంత్రపు ఆకాశం, గోదావరి ఒడ్డు, బూడిద రంగులోనే పది ఛాయలు. పుస్తకం ధర తక్కువ ఉండాలని మ్యాప్‌లితో కాగితం ఇచ్చారు. ఆ కాగితం సిరాను పీల్చేస్తుంది, చుక్క వ్యాపిస్తుంది. చిత్రకారుడు కలిపిన బూడిద రంగు నాలుగు ప్లేట్ల మీదికి వచ్చేసరికి నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలుగా విడిపోయింది, కాగితం మీద అవి కలిసిపోయి బురద అయింది. అమ్మాయి ముఖం మీద సన్నటి గీతలను మూడు రంగుల పెన్సిళ్లతో వేశారు. రిజిస్టర్, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడే అమరిక, వెంట్రుకవాసి తప్పినా ఒక్కో గీత మూడు గీతలైపోయింది. పది వేల అచ్చు కాగితాలు పోయాక ఆపాం. ప్రచురణకర్త ప్రెస్సును తిట్టారు, ప్రెస్సువాళ్లు చిత్రకారుడిని తిట్టారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నిజానికి తప్పు ఏ ఒక్కరిదీ కాదు. బొమ్మ వేసేటప్పుడు అది ఏ కాగితం మీద, ఏ మిషన్ మీద అచ్చవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ భాష ఆయనకు ఎవరూ నేర్పలేదు కూడా.

మాస్కో ఇన్‌స్టిట్యూట్‌లో చిత్రకారులు, సంపాదకులు, ముద్రణ ఇంజనీర్లు, పుస్తక వ్యాపారం చదివేవాళ్లు ఒకే కప్పు కింద ఉండేవారు. బొమ్మ వేసేవాడు రాతి అచ్చు, రాగి రేకు, చెక్క అన్నిటి మీదా చెయ్యి పెట్టేవాడు. ప్రచురణ సంస్థలో చేరాక అతనికి ఎదురయ్యే 'సాంకేతిక సంపాదకుడు' కూడా తరచూ అదే సంస్థ నుంచి వచ్చినవాడే. సాంకేతిక సంపాదకుడంటే రాతప్రతిని అక్షరాల సైజుల్లోకి, వరుసల్లోకి, మార్జిన్లలోకి మార్చే మనిషి. మన దగ్గర ఆ ఉద్యోగానికి పేరే లేదు, ప్రెస్సులో ఫోర్‌మన్ చేసేస్తాడు. అందుకే ఆ సంస్థ నుంచి ఎవరు వచ్చారు అంటే నేను మొదట చిత్రకారుల పేర్లు చెబుతున్నా, నా మనసులో ఆ పేరులేని సాంకేతిక సంపాదకులు కూడా ఉన్నారు.

కళాచరిత్రలో నిలిచినవాళ్ల సంగతికి వద్దాం. 1962లో ఆ సంస్థ నుంచి బయటికి వచ్చినవాళ్లలో ఇద్దరి పేర్లు ఈ రోజు ప్రపంచ మ్యూజియంలలో కనిపిస్తాయి. ఒకరు విక్తోర్ పివొవారొవ్, ఇంకొకరు వ్లదీమిర్ యాంకిలెవ్‌స్కీ.

పివొవారొవ్‌ను ముందుగా తెలుసుకున్నది పిల్లలు. 'వెస్యోలియె కర్తీన్కి' అంటే సరదా బొమ్మలు అని అర్థం. ఆ పత్రిక పేరులోని ఒక్కో అక్షరం ఒక్కో చిన్న మనిషిలా ఉంటుంది. టోపీలు, కాళ్లు, చేతులు ఉన్న అక్షరాలు. ఆ శీర్షికను 1979లో గీసింది ఆయనే. ఇంకా చదవడం రాని పిల్లవాడు కూడా ఆ అక్షరాలను మనుషుల్లా గుర్తుపట్టేవాడు. పిల్లల పుస్తకాలు యాభైకి పైగా వేశారు. అదే సమయంలో ఇంట్లో, అధికారులు ఒప్పుకోని ఇంకో రకం కళ చేసుకునేవారు. 1970లలో ఆయన, కబకోవ్ కలిసి 'ఆల్బం' అనే కొత్త రూపం తెచ్చారు. విడి కాగితాల మీద బొమ్మ, రాత కలిపి, ఒక్కో కాగితం తిప్పుతూ నలుగురు స్నేహితులకు చూపించేవారు. చూసేవాడు పేజీ తిప్పేవేగం కూడా ఆ కళలో భాగమే. పుస్తకం తయారుచేయడం తెలిసినవాళ్లకే ఈ ఆలోచన వస్తుందని నాకు అనిపిస్తుంది. పివొవారొవ్ 1982లో ప్రాగ్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు.

యాంకిలెవ్‌స్కీ కథ ఇంకో దారిలో నడిచింది. ఇన్‌స్టిట్యూట్‌లో 1950లలో ఎలీ బెల్యూతిన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన నేర్పే పద్ధతి పైవాళ్లకు నచ్చక, ఆ దశాబ్దం చివర్లో అక్కడినుంచి పంపేశారు. ఆయన బయట సొంత స్టూడియో పెట్టుకుని నేర్పడం కొనసాగించారు. 1962 డిసెంబర్ 1న మాస్కో మనేజ్ ప్రదర్శనశాలకు సోవియట్ అధినేత క్రుశ్చేవ్ వచ్చి ఆధునిక చిత్రాలు చూసి మండిపడ్డ సంఘటన విన్నారా? ఆ రోజు గోడల మీద ఉన్నవి బెల్యూతిన్ స్టూడియో చిత్రాలు, వాటి పక్క గదిలో యాంకిలెవ్‌స్కీ చిత్రాలు కూడా. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు, చదువు ముగిసి కొన్ని నెలలే అయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన చిత్రాలకు ప్రదర్శన దొరకలేదు, పుస్తకాల బొమ్మలతోనే ఇల్లు గడిచింది. చివరికి పారిస్ చేరి, 2018లో అక్కడే చనిపోయారు. ఆ రోజు గోడల మీద పని ఉన్న యూరీ సొబొలెవ్ కూడా ఇదే సంస్థ మనిషి. 'జ్నానియె సీలా' అనే విజ్ఞాన పత్రికకు రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. సైన్సు వ్యాసాలకు బొమ్మల ముసుగులో ఆధునిక చిత్రకళ లక్షల ఇళ్లలోకి వెళ్లింది. తిట్లు తిన్న కళకు పత్రికల పేజీలే చోటిచ్చాయి. నాకు ఇది చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, అక్షరాలు. మీరు రోజూ చూసే వెబ్‌సైట్లలో ఇంగ్లీషు పాఠం కొన్నిచోట్ల పీటీ శాన్స్ అనే ఫాంటులో ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మన దేశంలో వెబ్ పని చేసేవాళ్లు కూడా వాడతారు. ఆ ఫాంటు 2009లో వచ్చింది. దాన్ని ప్రధానంగా రూపొందించిన అలెగ్జాండ్రా కొరొల్కోవా 2006లో ఈ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్నారు. అక్షర రూపకల్పన ఆమెకు నేర్పింది అలెగ్జాండర్ తర్బేయెవ్. పీటీ శాన్స్ పనిలో మార్గదర్శిగా ఉన్న వ్లదీమిర్ యెఫీమొవ్ కూడా ఇదే సంస్థలో 1973లో చదువు ముగించినవారే. ఒకే సంస్థలో మూడు దశాబ్దాల తేడాతో చదివిన ఇద్దరు కలిసి ఒకే అక్షరం మీద కూర్చున్నారు.

ఆ ఫాంటు ఎందుకు పుట్టిందో చెప్పాలి. రష్యాలో రష్యన్ ఒక్కటే కాదు. తాతార్, బష్కీర్, చువాష్, ఇంకా ఎన్నో భాషలు రష్యన్ రాసే సిరిలిక్ లిపిలోనే రాస్తారు, కానీ వాటికి అదనపు అక్షరాలు కావాలి. ఒకదానికి కింద తోక, ఒకదానికి మీద చుక్కలు. మామూలు ఫాంట్లలో అవి ఉండేవి కావు. ఆ భాషలవాళ్లు ఉత్తరం రాయాలన్నా, పాఠ్యపుస్తకం అచ్చువేయాలన్నా ఏదో ఒక అక్షరం ఖాళీ డబ్బాగా వచ్చేది. ప్రభుత్వం డబ్బు ఇచ్చి, దేశంలోని అన్ని ప్రధాన భాషలకూ సరిపడే ఫాంటు చేయించి, అందరికీ ఉచితంగా ఇచ్చింది. పీటర్ చక్రవర్తి 1708-1710 మధ్య తెచ్చిన కొత్త 'పౌర లిపి'కి మూడు వందల ఏళ్లు నిండిన సందర్భం కూడా అదే. తర్వాత పీటీ సెరిఫ్ వచ్చింది. కొరొల్కోవాకు 2013లో అంతర్జాతీయ అక్షరశిల్పుల సంఘం షార్ల్ పెయిన్యో బహుమతి ఇచ్చింది. 35 ఏళ్ల లోపు వాళ్లకు ఇచ్చే అరుదైన గౌరవం అది.

ఇది చదువుతుంటే నాకు మన సంగతి గుర్తొచ్చింది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి గుర్తులై కనిపించేది. ప్రెస్సుకు ఫైలు పంపే రాత్రి ఎంత టెన్షన్ పడేవాళ్లమో చెప్పలేను. ఆ తర్వాత పోతన, వేమన లాంటి యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి. మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఉచితంగా దొరికాయి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం. ఉచితంగా ఇచ్చే ఒక మంచి ఫాంటు ఒక భాషకు ఎంత మేలు చేస్తుందో ఆ రాత్రులు గడిపినవాళ్లకు తెలుసు. అందుకే కొరొల్కోవా, యెఫీమొవ్‌ల పనిని నేను చిత్రకళ కన్నా తక్కువగా చూడలేను.

యెఫీమొవ్ గురించి ఇంకో మాట. లాటిన్ లిపిలో పేరున్న ఫ్యూచురా ఫాంటుకు 1995లో సిరిలిక్ రూపం ఇచ్చిందీ ఆయనే. అచ్చు ఒక లిపిలో పుట్టి ఇంకో లిపిలోకి రావడం ఎంత కష్టమో తెలుగు ఫాంట్లు చేసేవాళ్లను అడగండి. ఒక లిపిలో గుండ్రం సహజం, ఇంకో లిపిలో నిలువు గీత సహజం. రెంటినీ ఒకే వరుసలో పెట్టినప్పుడు ఒకటి నల్లగా, ఒకటి పలచగా కనిపించకూడదు. ఆయన 2012లో పోయారు.  ఇక మక్సీమ్ జూకొవ్ ఇదే సంస్థలో చదివి న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ముద్రణల అక్షర వ్యవహారాలు చూశారు. ఒకే పత్రం ఆరు అధికార భాషల్లో, నాలుగు రకాల లిపుల్లో ఒకే మర్యాదతో కనిపించేలా చూడడం ఆ ఉద్యోగం.

బొమ్మలు, అక్షరాలు కాకుండా చరిత్ర రాసినవాళ్లూ ఉన్నారు. యెవ్‌గేనీ నెమిరోవ్‌స్కీ ఇక్కడ చదువుకుని, ఇవాన్ ఫ్యోదొరొవ్ మీద, స్లావ్ భాషల తొలి ముద్రణ మీద జీవితాంతం పనిచేశారు. ఆయన పుస్తకాలు లేకుండా ఆ విషయం మీద ఎవరూ రాయలేరు.

మన ఇళ్లకు వచ్చిన సోవియట్ పుస్తకాల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మాస్కోలో ప్రగతి, తర్వాత రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో పుస్తకాలు వేసి ఇక్కడికి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు అక్కడే ఉండి అనువాదం చేశారు. మా ఊరికి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ వచ్చేది. రెండు మూడు రూపాయలకు గట్టి అట్ట, కుట్టు బైండింగ్, నిండు రంగుల బొమ్మలు ఉన్న పుస్తకం. కథ ఎంత ఇష్టమో దాని వాసన కూడా అంతే ఇష్టం. ఆ పుస్తకాలన్నిటికీ ఈ సంస్థవాళ్లే బొమ్మలు వేశారని నేను అనను. సూరికొవ్‌వాళ్లు ఉన్నారు, స్త్రొగనొవ్‌వాళ్లు ఉన్నారు, లెనిన్‌గ్రాద్‌వాళ్లు ఉన్నారు. కానీ అట్ట తెరిచి చివరి పేజీ చూస్తే అక్కడ ఒక చిన్న పెట్టె ఉంటుంది. సోవియట్ పుస్తకాల్లో చిత్రకారుడు, సంపాదకుడు, కళా సంపాదకుడు, సాంకేతిక సంపాదకుడు, ప్రూఫు దిద్దినవాడు, కంపోజింగ్‌కు ఇచ్చిన తేదీ, అచ్చుకు సంతకం చేసిన తేదీ, కాగితం సైజు, ఎన్ని ప్రతులు, ధర అన్నీ ఉండేవి. చిన్నప్పుడు నాకు అదొక మంత్రంలా కనిపించేది. అచ్చు పనిలోకి వచ్చాకే దాని విలువ తెలిసింది. ఒక పుస్తకానికి చెయ్యి వేసిన ప్రతి మనిషి పేరూ అక్కడుంది. మన తెలుగు పుస్తకాల్లో చాలాకాలం బొమ్మ వేసినవాళ్ల పేరే ఉండేది కాదు, డీటీపీ చేసినవాళ్ల పేరు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఇప్పుడు నేను చేసే ప్రతి పుస్తకంలో పట్టుబట్టి ఆ పేర్లన్నీ వేయిస్తున్నాను.

మీ అమ్మాయికి పనికొచ్చే విషయాలు. 2016లో ఈ విశ్వవిద్యాలయాన్ని ఇంకో ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంతో కలిపేసి మాస్కో పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం చేశారు. పాత పేరుతో ఇప్పుడు ఎవరైనా సీటు ఇప్పిస్తామంటే నమ్మకండి, ఆ పేరుతో పట్టా ఇచ్చే సంస్థ ఇప్పుడు లేదు. ముద్రణ, మీడియా చదువులు ఆ పెద్ద విశ్వవిద్యాలయంలో ఒక భాగంగా కొనసాగుతున్నాయి. పుస్తక కళ నేర్పే విభాగానికి ఫవోర్‌స్కీ పేరే పెట్టారు. కళా విభాగంలో చేరాలంటే మార్కులు ఒక్కటే చాలవు, అక్కడ బొమ్మ గీసి చూపించే ప్రవేశ పరీక్ష ఉంటుంది. చదువు రష్యన్‌లో. కాబట్టి భాష నేర్చుకోవడానికి ముందు ఒక ఏడాది పక్కన పెట్టుకోవాలి. ఫీజులు, వీసా, స్కాలర్‌షిప్ వివరాలు ఏటా మారతాయి, ఏజెంట్ల మాట మీద కాకుండా విశ్వవిద్యాలయానికే నేరుగా ఉత్తరం రాసి కనుక్కోండి.

వెళ్లినా వెళ్లకపోయినా, ముందు ఆమెను మీ ఊళ్లో ఏదైనా ఆఫ్‌సెట్ ప్రెస్సులో రెండు నెలలు కూర్చోబెట్టండి. తను వేసిన బొమ్మ ఒకటి నాలుగు రంగుల్లో ప్లేటు చేయించి, రెండు రకాల కాగితాల మీద అచ్చు తీయించండి. ఆర్ట్ పేపరు మీద ఒకటి, మ్యాప్‌లితో మీద ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోమనండి. ఆ తేడా చూసి ఆమెకు బొమ్మ మార్చి గీయాలనిపిస్తే, ఈ చదువుకు సరైన మనిషే.

మీ ఇంట్లోనో, తాతగారి పెట్టెలోనో పాత సోవియట్ పిల్లల పుస్తకం ఉంటే దాని చివరి పేజీ ఫోటో తీసి పంపండి. 'హుదోజ్నిక్' అన్న రష్యన్ మాట పక్కన ఉండేది చిత్రకారుడి పేరు. ఆ పేరు నేను చదివి పెడతాను, ఆయన ఎక్కడ చదివారో కూడా వెతికి చెబుతాను.